కోత పండుగలో చంద్రుడి ముక్క

ప్రేమ్‌సాగర్ జీవితంలో మొదటిసారి అసలు సరుకు మీద కన్నేశాడు.

అంతకుముందు ఖమ్మంలో కూర్చుని అతను అమ్మినవన్నీ నకిలీవే. రెండు తలల పాములు, బియ్యాన్ని లాగే రాగి చెంబులు. పిడుగు పడ్డ చెంబు ఇంట్లో ఉంటే బియ్యపు గింజలే కాదు, లక్షలు కూడా వాటంతటవే నడిచొస్తాయని జనాన్ని నమ్మించాడు. బేరాలన్నీ ఏజెంట్లే చేసేవాళ్లు. తాను మాత్రం ఎవరికీ ముఖం చూపించేవాడు కాదు.

మన నౌక చంద్రుడి మీద దిగినప్పటి నుంచి హైదరాబాద్ పార్టీలు చెంబులు మానేసి చంద్రుడి రాళ్లు అడుగుతున్నాయి. సరిగ్గా అప్పుడే, అతని చెంబులకు సర్టిఫికెట్లు ప్రింటు తీసే జిరాక్స్ షాపులో పనిచేసే ఫ్లోరెన్స్ అనే అమ్మాయి మాటవరసకు ఒక కబురు చెప్పింది.

"మా ఊళ్లె చర్చి రేకులకు బొక్క పడ్డదన్నా. కింద చూస్తే నల్లరాయి. అందరొచ్చి చూసి పోతున్నరు."

ఊరు జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉంది. రెండు రోజుల్లో ప్రేమ్‌సాగర్ మెడలో భూగర్భ శాఖ ఐడీ కార్డు వేసుకుని దిగిపోయాడు. ఆ కార్డు వేరే షాపులో చేయించాడు. దొంగతనంలో ఆ మాత్రం శుభ్రత పాటిస్తాడు.

సగంలో ఆగిపోయిన సిమెంటు స్తంభాల మధ్య పాత రేకుల చర్చి. తుఫాను ముసురుకి బొక్కలోంచి నీళ్లు కింద పెట్టిన చెంబులో టప్పుటప్పున పడుతున్నాయి. సంఘ పెద్ద సవరయ్య, బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి, తువాలు విప్పి రాయి చూపించాడు. నల్లగా, గాజులా మెరుస్తూ, ఒంటినిండా చిల్లులు. ఫోన్లో చూసిన ఫొటోలకు అచ్చంగా సరిపోయింది.

"ఎప్పుడు పడింది?"

"మొన్న గాలివాన రాత్రి సార్. ధడేల్మని చప్పుడైందంట. పొద్దుగాల వచ్చి చూస్తే ఇది."

ప్రేమ్‌సాగర్ గొంతు సవరించుకున్నాడు. "పెద్దాయనా, ఇది చంద్రుడి ముక్క. పైనుంచి పడ్డవన్నీ సర్కారు సొత్తు. అమ్మడం నేరం, కొనడం నేరం. దాచిపెట్టినా జైలే. మర్యాదగా ఇచ్చేయండి."

సవరయ్య దండం పెట్టాడు. "మాకేం ఎరుక సార్! గానీ ఒక్క చిక్కుంది. కోత పండుగ వేలానికని దీన్ని దేవునికి ఒప్పజెప్పినం. దేవుని సొమ్ము ఉత్తగ తీస్కపోతే సంఘం ఊకోదు. ఆదివారం వచ్చి పాట పాడి తీస్కపోండ్రి."

"కొంటే నేరమని ఇప్పుడే చెప్పాను కదయ్యా!"

"కొనుడు ఏంది సార్? మా దగ్గర సొరకాయకు వెయ్యి రూపాయలు పాడుతరు. అది సొరకాయ ధరనా? కానుక. మీరు గూడ కానుకిచ్చి పోతరు. లేదంటరా, పోలీసోళ్లను పిలుస్త. వాళ్ల ముంగట అప్పజెప్త."

పోలీసుల పేరు వినగానే ప్రేమ్‌సాగర్‌కు కానుక పద్ధతి బాగా నచ్చింది.

ఇంటికెళ్లి భార్య సరిత గాజులు, గొలుసు అడిగాడు. "ఈసారి చెంబు కాదే, అసలు సరుకు. హైదరాబాద్ పార్టీ ఇల్లు కట్టుకునేంత ఇస్తానంది" అన్నాడు. ఆమెకు మిగిలిన బంగారం అదొక్కటే. ఏడుస్తూనే తీసిచ్చింది. అది కుదువ పెట్టి తెచ్చిన నోట్ల కట్టతో ఆదివారం చర్చిలో కూర్చున్నాడు.

వేలం మొదలైంది. మొదటి కాపు గుమ్మడికాయ, మిర్చి బస్తా, కాళ్లు కట్టిన నాటుకోడి. అన్నీ పోయాక సవరయ్య రాయి ఎత్తి చూపించాడు.

"గాలివానకు పడ్డ నల్లరాయి ఒక్కటి!"

చంద్రుడి మాటే ఎత్తలేదు. ముసలాయన రహస్యం కాపాడుతున్నాడని ప్రేమ్‌సాగర్ మురిసిపోయాడు. పైగా ఎదురు పాడేవాళ్లు ఎవరుంటారులే అనుకున్నాడు.

ఉన్నారు. సవరయ్య భార్య సంపూర్ణ లేచింది. "నాకు కావాలె. పచ్చడి జాడీ మీద బరువు పెట్టుకుంట."

చంద్రుణ్ణి జాడీ మీద పెడతానంటే ప్రేమ్‌సాగర్ ప్రాణం విలవిల్లాడింది. అతను పెంచాడు. ఆమె పెంచింది. జనం చప్పట్లు కొట్టారు. చివరికి కట్ట మొత్తం పాడితే గానీ ఆమె కూర్చోలేదు. సంఘమంతా అతని కోసం ప్రార్థన చేసి, కొసరుగా ఒక సొరకాయ కూడా చేతిలో పెట్టి సాగనంపింది.

బైకు చప్పుడు దూరమయ్యాక, ఆడవాళ్ల వరసలో ఒక అమ్మాయి తలమీది చున్నీ తీసింది. ఫ్లోరెన్స్.

"పోయిండా నాయినా?"

"పోయిండు బిడ్డా. గాలికి రేకులు లేవకుండ పెట్టిన రాయి అది. బాయిలర్ల కాలి గడ్డకట్టిన బొగ్గు. చంద్రుడని మనమన్నమా? ఆయనే అన్నడు."

"మరి తిరిగొస్తే?" అంది సంపూర్ణ.

"ఏమని వస్తడు? కొనుడు నేరమని చెప్పింది ఆయనే. దొంగ కార్డు ఏసుకున్నది ఆయనే."

సవరయ్య నోట్ల కట్టను కళ్లకద్దుకున్నాడు. స్లాబు కోసం సంఘం కూడబెట్టిన డబ్బు రెట్టింపవుతుందన్న ఆశతో ఎవరో ఏజెంటు చేతిలో పోసి, రెండేళ్లుగా ఆ ఊళ్లో తల ఎత్తుకోలేకపోయాడు. ఇప్పుడు ఆ పెద్దాయన నలుగురి ముందే వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఆ ఏజెంటు ఇచ్చిన సర్టిఫికెట్ నీ షాపులదేనని నువ్వు గుర్తువట్టకపోతే, ఈ మచ్చతోనే పోతుంటి బిడ్డా."

తర్వాత కళ్లు తుడుచుకుని, బొక్క కింద నిండిన చెంబును బయటికి తీసుకెళ్లి నీళ్లు పారబోశాడు. తిరగేస్తే రాగి అడుగున దొంగ కంపెనీ ముద్ర మెరిసింది.

"బియ్యం గుంజుతదంటే కొన్న. ఒక్క గింజ గుంజలే" అన్నాడు సవరయ్య దాన్ని తువాలుతో తుడుస్తూ. "గానీ అమ్మినోణ్ణి మాత్రం ఖమ్మం నుంచి గుంజుకొచ్చింది!"