ఞ తరవాత

"టీచర్, అమ్మయ్య ఎలా రాయాలి?"

బొద్దుగాడు పలక ఎత్తి చూపించాడు. చ, ఛ, జ, ఝ, ఞ వంకరటింకరగా వరసలో ఉన్నాయి. వాటి పక్కన ఇంకో అక్షరానికి చోటు వదిలిపెట్టాడు.

"అమ్మయ్య అక్షరం కాదురా."

"మరి టేపులో ఉందిగా!"

తప్పు వాడిది కాదు. బల్ల మీది పాత టేప్ రికార్డరులో ఎవరో ఒకావిడ అక్షరాలు పలుకుతుంటే, పిల్లలు ఆవిడ వెంట అంటూ పలకల మీద దిద్దుతారు. ఙ దగ్గర అందరి నాలుకలూ మెలిపడతాయి. ఞ దగ్గర మరీను. అదీ దాటగానే టేపులో ఆవిడ హాయిగా ఊపిరి వదిలి "అమ్మయ్య!" అంటుంది.

పిల్లలూ గట్టిగా "అమ్మయ్య!" అని, ఆ తరవాతే ట అందుకుంటారు.

ఎప్పుడో బళ్లన్నిటికీ పంచిన టేపు అది. ఇంకా మోగుతున్నది ఇదొక్కటేనని ఆయా చెప్పింది.

ఆ గొంతు మొదలయ్యే వేళకు కిటికీ బయట ఒకావిడ వచ్చి నిలబడేది. ఎంత ఎండలోనైనా మెడకు మఫ్లరు. నోట మాట లేదు. పిల్లలు మఫ్లరమ్మమ్మ అని పేరు పెట్టారు.

టేపు పెట్టడం ఆలస్యమైతే ఊచ మీద గోటితో టకటకలాడించి, రికార్డరు వైపు వేలు చూపించేది. పెట్టగానే కళ్లు మూసుకునేది. గాలిలో వేలితో అక్షరాలు దిద్దుతూ ఉండిపోయేది.

"ఈవిడకీ ఓ పలక ఇచ్చేద్దామా టీచర్? పిల్లల్లో కలిసి కూర్చుంటుంది," అని ఆయా కిసుక్కున నవ్వింది.

టీచరుకు నవ్వు రాలేదు.

"పిల్లలకి ఏవో సైగలు చేస్తోంది. రేపేదైనా జరిగితే నా మెడకే చుట్టుకుంటుంది."

ఆ ఉద్యోగం ఆమెకు కొత్త. వాళ్ల ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కింది ఆమె ఒక్కతే. ఇది పోతే ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో ఆమెకు తెలియదు.

ఆ వారమే పెద్ద మేడమ్ పిలిపించింది.

"బొద్దుగాడి వాళ్లమ్మ వచ్చి వెళ్లింది. అక్షరాలు అప్పజెప్పరా అంటే మధ్యలో అమ్మయ్య అంటున్నాడట. అలా కాదురా అంటే, నీకేం తెలీదు, టీచర్ నేర్పింది అన్నాడట."

"అది టేపులో ఉంది మేడమ్..."

"డిగ్రీ చదివొచ్చావు. అక్షరాలు ఉన్నవి చెబితే చాలమ్మా, కొత్తవి పుట్టించక్కర్లేదు. నిన్ను ఉంచాలో వద్దో రాయాల్సింది నేనే, గుర్తుందిగా?"

సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక టీచరు తలుపులు మూసింది. రికార్డరు మీది రెండు మీటలూ కలిపి నొక్కింది. అ నుంచి ఱ దాకా తన గొంతుతో స్పష్టంగా చదివింది. ఎక్కడా తడబడలేదు. పాత గొంతు మీదే కొత్త గొంతు ఎక్కింది.

మర్నాడు ఊచ మీద టకటక వినిపించింది.

"పెడుతున్నానండీ, కాస్త ఆగండి."

టేపు తిరిగింది. మఫ్లరమ్మమ్మ కళ్లు తెరిచింది. గాలిలో వేలు అ సగంలోనే ఆగిపోయింది.

కిటికీ గట్టు మీద బొద్దుగాడి పలక ఉంది. ఊచల్లోంచి చెయ్యి పెట్టి అందుకుంది. ఏదో రాసి టీచరు వైపు తిప్పింది.

'పాతది?'

"టీచర్, టీచర్! అమ్మమ్మ త చూడండి, ఎంత గుండ్రంగా ఉందో!" బొద్దుగాడు గెంతాడు.

"పాతది లేదండీ. తప్పుందని దానిమీదే కొత్తగా రికార్డు చేశాను."

ఆవిడ మఫ్లరు కొసతో పలక శుభ్రంగా తుడిచి, ఉన్నచోటే పెట్టింది. వెళ్లిపోయింది.

తరవాత ఊచలు మోగలేదు. టీచరు హమ్మయ్య అనుకుంది.

పిల్లలే మానలేదు. ఞ రాగానే ఎవడో ఒకడు నోరు జారేవాడు. టీచరు కళ్లెర్రజేసేది. అప్పటినుంచి గొణగడం మొదలుపెట్టారు.

వానలు పడుతున్న రోజుల్లో ఒక పెద్దాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన భుజం మీద అదే మఫ్లరు.

"మా అక్క ఇక్కడికొస్తూ ఉండేదమ్మా."

"అవునండీ. ఈమధ్య రావట్లేదు. బాగున్నారా?"

"పోయింది తల్లీ."

టీచరు చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది.

"ఒంటరిది. రోజూ ఎక్కడికే అంటే చెవి మీద చెయ్యి పెట్టి, ఈ బడి వైపు చూపించేది. ఇక్కడ పాత టేపేదో పెడతారటగా, నాకూ ఒక్కసారి వినిపిస్తావా?"

టీచరు మీట నొక్కింది. ఆయన తల వంచి, చెవి ఒగ్గి విన్నాడు. అ, ఆ, ఇ, ఈ దాటేసరికి ముఖం వాడిపోయింది.

"ఇది కాదమ్మా."

"అది... చెరిగిపోయిందండీ."

"పోనీలే తల్లీ. నువ్వేం చేస్తావు."

ఆయన చెప్పుల కోసం వంగాడు. టేపు తన దారిన తను తిరుగుతోంది. పిల్లలు దిద్దుకుంటున్నారు. ఙ దాటింది. ఝ దాటింది. ఞ వచ్చింది.

పిల్లలు టీచరు ముఖం చూశారు. ఆమె కళ్లెర్రజెయ్యలేదు.

"అమ్మయ్య!"

క్లాసంతా ఒక్కసారే, అదే ఊపిరితో, అదే సాగదీతతో.

పెద్దాయన చటుక్కున గుమ్మం పట్టుకున్నాడు.

"అదిగో మా అక్క! ఆపరేషన్‌లో గొంతు తీసెయ్యకముందు ఆ టేపులో చదివింది తనే తల్లీ."