రామాంజులు నోటి మాట

"రేపటి మ్యాచికి రసూలును పెట్టాకండప్పా. వానికి బ్యాటు పట్టుకునేదే రాదు," అన్నాడు రామాంజులు, టీ గ్లాసు కడుగుతూ.

అంతే, కెప్టెన్ జలంధర్ ఎగిరి గంతేశాడు.

"ఇంకేంది! రసూల్‌ను ఓపెనింగ్ దింపుడే!"

శుక్రవారం దోహా ఎండలో రసూల్ డెబ్భై పరుగులు బాదాడు. కప్పు వాళ్ళ కంపెనీకే వచ్చింది.

రామాంజులు ఏదంటే దానికి ఎదురు జరగాల్సిందే. తొంభై నాలుగులో మన రాష్ట్రంలో ఎలక్షన్లప్పుడు "మళ్ళా పాత సర్కారే" అన్నాడు. పాత సర్కారు అడ్రసు లేకుండా పోయింది. ఈ ఏడు వాన పడదన్నాడు. దోహాలో వాళ్ళుండే ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేట వీధుల్లో కార్లు సగం మునిగాయి.

వాళ్ళ రూములో అందరూ కరీంనగర్ జిల్లా వాళ్ళు. కడప నుంచి వచ్చిన రామాంజులొక్కడే పరాయివాడు, వయసులో పెద్దవాడు. ఆయనకు 'ఉల్టా అన్న' అని పేరు పెట్టి మొహం మీదే పిలిచేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు, పిచ్చి మారాజు.

ఫలితం వచ్చాక మాత్రం రూమంతా పండితులే! "నేను అప్పుడే అన్న" అనని వాడు లేడు. నిజంగా ముందు నోరు విప్పేది రామాంజులొక్కడే. ఆ సంగతి ఎవడికి కావాలి?

ఇలా ఉండగా ఓ బుధవారం జలంధర్ తల్లి నర్సవ్వకు గుండెపోటని కబురొచ్చింది. ఎవరికి ఏ కబురొచ్చినా వీధి చివర నిసార్ అహ్మద్ బకాలాకే. కిరాణా సామానుతో పాటు ఫోనూ ఉండేది ఆ ఒక్క కొట్లోనే.

తండ్రి లేని జలంధర్‌ను బీడీలు చుట్టి పెంచిన తల్లి నర్సవ్వ. కంపెనీ సెలవిచ్చింది, శుక్రవారం పొద్దున విమానం. అప్పటిదాకా ఎలా? ఒక్క మెతుకు ముట్టడం లేదు, కన్ను మూయడం లేదు.

గురువారం సాయంత్రం రామాంజులు బకాలా నుంచి రొట్టెలు పట్టుకుని రూములోకి వచ్చాడు. జలంధర్ లేచి వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా, ఒక్క మాట అను. మా అవ్వ బతకదని అను."

రొట్టెలు కింద పడ్డాయి.

"ఏం మాటలప్పా అవి!"

"నువ్వన్నది ఎన్నడన్న అయిందా? నువ్వు బతకదంటే మా అవ్వ బతుకుతది. నీ కాల్మొక్త అన్నా!"

"ఇంకేమన్నా అడుగు నాయనా. ఇది మాత్రం అడగాకు."

పక్క మంచం మీది తిరుమల్ లేచాడు. అతనిది జలంధర్ ఊరే.

"క్రికెట్‌కు అంటివి, ఎలక్షన్లకు అంటివి. ఒక తల్లి పానం కోసం అననీకి నోరు రాదా? గింత కఠినమా అన్నా నీ మనసు?"

రామాంజులు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"బతకదప్పా... మీయమ్మ బతకదు."

రూమంతా ఈలలు. జలంధర్ ఆయన్ను అమాంతం ఎత్తేశాడు. తిరుమల్ కోడికూర వండాడు. జలంధర్ కడుపు నిండా తిన్నాడు, పసిపిల్లాడిలా నిద్రపోయాడు. రామాంజులే దగ్గర కూర్చుని వడ్డించాడు. తను మాత్రం కడుపులో బాగా లేదని పస్తు పడుకున్నాడు.

పొద్దున జలంధర్ నవ్వుతూ విమానం ఎక్కాడు.

శనివారం తిరుమల్ ఇంటికి ఫోన్ చేసి, నిమిషంలో పెట్టేసి వచ్చాడు.

"నర్సవ్వ పోయిందట."

అందరూ రామాంజులు వైపు చూశారు.

"నేను అప్పుడే అన్న, ఈయన నోరు మంచిది గాదని!" అన్నాడొకడు.

"నేనూ అన్న! ఇన్నొద్దులు తప్పిందంతా దీని కోసమే," అన్నాడు ఇంకొకడు.

తిరుమల్ అందరికంటే గట్టిగా అరిచాడు. "మా నర్సవ్వను నోటితోనే మింగినవ్. ఈ రూముల నువ్వుండద్దు, నడువ్!"

"అట్లే కానీలేప్పా," అని రామాంజులు పరుపు చుట్టుకున్నాడు.

నెల దాటాక జలంధర్ తిరిగొచ్చాడు, గుండు మీద అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తూ. సంచి విప్పి సకినాల మూట ఒకటి పక్కకు పెట్టాడు.

"ఇవి రామాంజులన్నకు. ఏడి, డ్యూటీల ఉన్నడా?"

"వానికి సకినాలా?" తిరుమల్ మండిపడ్డాడు. "ఆ దినమే ఎల్లగొట్టినం. మొన్ననే వీసా క్యాన్సిల్ చేపిచ్చుకొని పోయిండు, ఇగ రాడు."

"ఏ ఊరికి?"

కడప జిల్లా అని తెలుసు. ఏ ఊరని ఎవరూ ఎన్నడూ అడగలేదు.

జలంధర్ మూట ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూలబడ్డాడు. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"మా అవ్వ గురువారం పొద్దుగాలనే పోయిందిరా," అన్నాడు. "మా బావ పొద్దంతా తిప్పితే మాపటికి బకాలాకు లైను కలిసిందట."

"మరి మాకెవ్వరు చెప్పలేదేందిరా?" తిరుమల్ గొంతు సన్నబడింది.

"పిలగాడు రెండు దినాల సంది తినలేదు, ఎట్లాగూ పొద్దున వస్తున్నడు, ఈ ఒక్క పూట తిని పండనియ్యుండ్రి అని ఏడ్సుకుంట మా బావను బతిమిలాడిండట, ఆ మాపు రొట్టెలకు పోయి ఫోనెత్తిన రామాంజులన్న."