రెండు ఓట్ల ఊరు

మనోజ్ఞ మాస్కులు ఇస్త్రీ చేస్తోంది. ఫ్రైబర్గ్‌లో చదువుకునే తెలుగు పిల్లలకి పంపడానికి తనే కుట్టిన గుడ్డ మాస్కులు. ముప్ఫై అయ్యాయి, ఇంకో పది ఉన్నాయి.

"తప్పుకో మనూ," అన్నాడు ఆమె భర్త రవికిరణ్, ఇస్త్రీ బల్లకి అవతల నిలబడి.

గుడ్డ కాలుతుందేమోనని ఆమె పెట్టె పైకెత్తింది. "ఆదివారం లెక్కింపు పెట్టుకుని మంగళవారం తప్పుకోవడమేంటి?"

"ఒక్క ఫ్రైబర్గ్ గెలిచినంత మాత్రాన తెలుగు సంఘానికి అధ్యక్షురాలివి అయిపోతావా? పిల్లలకి పరీక్షలని అక్కడ ఎన్నిక రెండు వారాల ముందే పెట్టారు. ఆదివారం తొమ్మిది ఊళ్ళు ఒకేసారి తేలతాయి. మార్చిలో అమెరికాలో చూశావుగా? సూపర్ ట్యూజ్‌డే. పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి ఒకే రోజు పద్నాలుగు రాష్ట్రాల్లో ఓటింగు. దానికి ముందు ఇద్దరు తప్పుకునేసరికి ఓట్లన్నీ ఒకడి దగ్గర పోగుపడ్డాయి. వెనకబడ్డవాడు తెల్లారేసరికి ముందున్నాడు."

"అయితే?"

"మన గొడవంతా తిరుపతయ్యగారిని దించడానికేగా? నువ్వూ భాస్కర్ రావుగారూ ఇద్దరూ పోటీలో ఉంటే ఓట్లు చీలి మళ్ళీ ఆయనే కూర్చుంటాడు."

తిరుపతయ్య పేరు వినగానే మనోజ్ఞ మొహం బిగుసుకుంది. ఏప్రిల్‌లో జ్వరంతో హాస్టల్ గదిలో ఒంటరిగా పడి ఉన్న చైతన్య, సంఘం అధ్యక్షుడని ఆయనకి పదకొండుసార్లు ఫోన్ చేశాడు. ఆయన ఎత్తలేదు. పన్నెండోసారి ఈమెకి చేశాడు. 'నాకేమన్నా అయితే మా అమ్మకి నువ్వే చెప్పాలక్కా' అన్నాడు. మనోజ్ఞ పోటీకి దిగింది ఆ మాట విన్నాకే.

"భాస్కర్ రావుగారినే తప్పుకోమనొచ్చుగా?"

"పెద్దాయనకి ఎలా చెప్తాం? పైగా హైడెల్‌బర్గ్ అంతా ఆయన వైపే ఉందంటున్నారు."

"ఎవరంటున్నారు?"

"అందరూ."

ఆమె ఇంకో మాస్కు పరిచింది. "కరోనా అని ఈసారి ఓట్లన్నీ పోస్టులోనే కదా. ఇప్పటికే నాకు వేసి పంపేసినవాళ్ళుంటే?"

రవికిరణ్ నవ్వాడు. "మనవాళ్ళా? గురువారం దాకా టైముందంటే బుధవారం రాత్రి కవరు వెతుక్కుంటారు. తొందరపడింది మనమిద్దరమే. పోయిన వారం వానలో వెళ్ళి రెండు కవర్లూ డబ్బాలో వేసొచ్చావుగా."

"అయితే మన ఓట్లు రెండూ పోయినట్టేనా?"

"పోనీ. మన ఊరు బ్రెట్టెన్ మొత్తానికి సంఘం సభ్యులం మనమిద్దరమే. నీ కంచుకోట! రెండుకి రెండూ నీకే పడ్డాయని గొప్పగా చెప్పుకో."

ఆమెకీ నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి అతను గొంతు తగ్గించాడు.

"డిసెంబరులో నా కాంట్రాక్టు మీద సంతకం పెట్టాల్సింది ఎవరు? ఆ తిరుపతయ్యగారే. ఆఫీసులో రోజూ ఆయన మొహం చూస్తూ కూడా నీ వెనక నిలబడ్డాను. నా స్వార్థం చూసుకునేవాణ్ణయితే మొదట్లోనే వద్దనేవాణ్ణి కదా?"

ఆమె మిగిలిన మాస్కులు ఇస్త్రీ చేసి, మడతపెట్టి, ఫోన్ తీసింది. పోటీ నుంచి తప్పుకుంటున్నాననీ, తన ఓట్లు భాస్కర్ రావుగారికి వెయ్యమనీ సంఘం గ్రూపులో రాసింది. నాలుగు వాక్యాలు రాయడానికి గంట పట్టింది.

ఆదివారం మధ్యాహ్నం జూమ్‌లో లెక్కింపు మొదలైంది. ఎన్నికల అధికారి రవీంద్రనాథ్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"పోయినసారి అన్నీ కలిపి లెక్కపెడితే గొడవైంది. అందుకని ఈసారి ఏ ఊరికా ఊరు చదువుతాను. పెద్ద ఊళ్ళు ముందు. మనోజ్ఞగారి పేరు మీద పడ్డవి రద్దు కిందికి వస్తాయి."

రవికిరణ్ పకోడీల పళ్ళెం పక్కన పెట్టేశాడు. "ఏ ఊరికా ఊరు ఎందుకండీ, టైం వేస్టు," అన్నాడు. మైకు ఆపి ఉంది. ఎవరికీ వినపడలేదు.

"కార్ల్స్‌రూహె. తిరుపతయ్యగారికి పద్నాలుగు. భాస్కర్ రావుగారికి తొమ్మిది. రద్దు..." ఆయన కాగితం దగ్గరగా పెట్టుకుని చూశారు. "ముప్ఫై ఒకటి."

మనోజ్ఞ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"హైడెల్‌బర్గ్. తిరుపతయ్యగారికి పదిహేడు. భాస్కర్ రావుగారికి పన్నెండు. రద్దు నలభై."

తెర మీది గళ్ళలో మొహాలు కదలడం మానేశాయి. చైతన్య ఆగలేకపోయాడు. "ఎందుకు తప్పుకున్నావక్కా? గెలిచేదానివి కదా!"

ఊరు మారినప్పుడల్లా అదే వరస. ఎనిమిదో ఊరు అయ్యేసరికి తిరుపతయ్య తన గడిలోంచి అందరికీ చేతులు జోడిస్తున్నాడు.

"మనవాళ్ళందరూ ముందే పంపేశారు కిరణ్," అంది మనోజ్ఞ. "నన్ను నమ్మి ముందే పంపేశారు."

"తేలిపోయిందిగా. ఇంక కట్టెయ్." అతను ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి వేశాడు.

ఆమె ఆ చెయ్యి తీసేసింది. "మన ఊరు రాలేదింకా. రద్దయినా సరే, నాకు పడ్డ ఆ రెండూ విననీ."

"ఆఖరిది బ్రెట్టెన్," అంటూ రవీంద్రనాథ్ గారు కవర్లు చింపుతున్నారు.

రవికిరణ్ లేచాడు. కొక్కేనికున్న కోటు తీసుకున్నాడు. పక్కనే వేలాడుతున్న మాస్కు ముట్టుకోలేదు. తలుపు తీసుకుని మెట్లు దిగిపోయాడు.

"బ్రెట్టెన్, మొత్తం రెండు ఓట్లు," చదివారు రవీంద్రనాథ్ గారు. "రద్దు ఒకటి. తిరుపతయ్యగారికి ఒకటి."