మళ్లీ ఫస్టియర్

టీసీ దరఖాస్తు మీద తండ్రి సంతకం కావాలని రసజ్ఞ అడిగేసరికి సీతారామాంజనేయులు చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. కాగితం తిప్పి చూశాడు. మళ్లీ మొదటినుంచీ చూశాడు. ఇరవై రెండేళ్లుగా తను లెక్కలు చెబుతున్న కాలేజీలోంచి, ఇంజనీరింగ్ ఫస్టియర్ పూర్తిచేసిన సొంత కూతురు వెళ్లిపోతానంటోంది.

"ఎక్కడికే?" అన్నాడు.

తను మళ్లీ ఎంట్రన్స్ రాశానని రసజ్ఞ తల వంచుకుని చెప్పింది. వేరే యూనివర్సిటీలో సీటొచ్చిందట. పదింటికి కాలేజీ ఆఫీసు తీయగానే టీసీ తీసుకుని, సాయంత్రం నాలుగులోగా అక్కడ చేరకపోతే సీటు పోతుందట. అయితే వాళ్లు నేరుగా సెకండియర్‌లో చేర్చుకోరట. మళ్లీ ఫస్టియర్ నుంచే మొదలుపెట్టాలట.

ఆయన అరుపు ఆ మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు దాకా వినబడింది. ఏడాది చదువు గంగలో కలిపేస్తావా అన్నాడు. నీతో చదివినవాళ్లే నీకు సీనియర్లయి కూర్చుంటారు, ఆ మాత్రం ఆలోచన లేదా అన్నాడు. సొంత కూతురే పారిపోయిందని స్టాఫ్ రూములో చెవులు కొరుక్కుంటుంటే నేను తల ఎక్కడ పెట్టుకోవాలన్నాడు. బీరువాలోంచి మార్కుల మెమో తెచ్చి బల్ల మీద పరిచి, ఒక్కొక్క సబ్జెక్టు మీదా వేలు పెట్టి చూపించాడు. ఒక్కటీ తొంభైకి తగ్గలేదు. లెక్కల్లో అయితే తొంభై ఏడు.

"ఇన్ని మార్కులు తెచ్చుకుని మళ్లీ అవే పాఠాలు వింటానంటావేంటి?"

"మార్కులొచ్చాయి నాన్నా. చదువు రాలేదు."

వంటింట్లోంచి పద్మావతి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. పోయిన వారం మాదాపూర్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ పిల్ల సరిగా అన్నం తినడం లేదని, ఆ సంగతి మీకు పట్టనే లేదని భర్తను దెప్పింది.

అక్కడేం జరిగిందో రసజ్ఞ అప్పుడు బయటపెట్టింది. ఫస్టియర్ పాఠంలోంచే చిన్న ప్రశ్న అడిగారట. బోర్డు మీద జవాబు గడగడా రాసేసిందట. ఇంటర్వ్యూ చేసినామె బాగుందని మెచ్చుకుని, ఈ రెండో లైను ఎందుకు రాశావో చెప్పమందట. తెలియదు. పోనీలెమ్మని ప్రశ్నను కాస్త మార్చి అడిగిందట. చేయి ఆడలేదు.

"నీకు ఈ పాఠం ఎవరూ చెప్పలేదా అమ్మా అని జాలిగా అడిగింది నాన్నా. తిట్టినా బాగుండేది. ఇంకో మూడేళ్లు ఇలాగే బట్టీ పట్టి బయటికొస్తే నన్ను ఎవరు తీసుకుంటారు? నాకు భయంగా ఉంది."

సీతారామాంజనేయులు కుర్చీలో కూలబడ్డాడు. కోపిష్ఠే కానీ, కూతురి కళ్లల్లో నీళ్లు చూస్తే కరిగిపోయే మనిషి. కోపం ఎక్కడికీ పోలేదు, దిక్కు మార్చుకుందంతే. తన బిడ్డను నలుగురిలో అంత మాట అనిపించుకునేలా చేసిన ఆ లెక్చరర్ ఎవరో తేల్చందే ఆయనకు నిద్ర పట్టేలా లేదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు అడిగేది ప్రోగ్రామింగే కదా, ఆ రవికిరణేనా అన్నాడు. స్లయిడ్లు చదివేసి చక్కా పోతాడని ముందే అనుకున్నానన్నాడు. ఆయన కాదంది రసజ్ఞ. కెమిస్ట్రీ లావణ్య మేడమా అన్నాడు. ఆమె కూడా కాదట. పేర్లెందుకు, సంతకం పెడితే తన దారిన తను వెళ్లిపోతానని బతిమాలింది.

"నువ్వు తప్పించుకుపోతావు సరే. ఏటా రెండు వందల మంది పిల్లలు ఆ మనిషి చేతిలో పడుతున్నారు. వాళ్ల సంగతేంటి?"

రసజ్ఞ బల్ల మీది మార్కుల మెమోను మడతపెట్టసాగింది.

ఆయన తెల్లకాగితం తీసి ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాడు. పాఠం అర్థమయ్యేలా చెప్పకుండా జవాబులు బట్టీ పట్టించడం పిల్లల గొంతు కోయడమేనని రాశాడు. అటువంటి అధ్యాపకుణ్ని ఫస్టియర్ తరగతుల నుంచి తక్షణం తప్పించాలని రాశాడు. పేరు దగ్గర కాస్త చోటు వదిలి, కింద 'విద్యార్థిని తండ్రి' అని సంతకం గీకాడు. ఆ ఊపులోనే టీసీ దరఖాస్తు మీదా సంతకం పెట్టి కూతురి చేతిలో పెట్టాడు.

"ఇదిగో, నీ సంతకం నీకొచ్చేసింది. ఇక వాడు నిన్నేం చేయలేడు. ఆ పేరొకటి రాసెయ్, ఇప్పుడే నా చేతుల్తో ప్రిన్సిపాల్‌కిచ్చి వస్తాను."

"వద్దులెండి, పిల్లకి ఆలస్యమవుతోంది," అంది పద్మావతి. ఆమె మొహం పాలిపోయి ఉంది.

"నువ్వూరుకో. రాయమ్మా, వెనకాల నేనున్నాను."

రసజ్ఞ తండ్రి మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత పెన్ను తీసుకుంది. ఆయన వదిలిన చోటు చాలక పేరు కాగితం అంచు దాకా పోయింది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

'శ్రీ సీతారామాంజనేయులు గారు, గణితం.'