కరెంటున్నంతసేపే

ఎల్లారావు కంట్లో ఇనుప రవ్వ పడింది. మల్కాపురం షెడ్డులో గ్రైండింగు చేస్తుంటే ఎగిరింది.

చేపలమ్మే వాళ్లమ్మ పాపాయమ్మ బుట్ట ఎక్కడిదక్కడ దించేసి, నలకలు నాలుకతో తీసే చిట్టమ్మ దగ్గరికి వాణ్ని లాక్కెళ్లింది. రవ్వ రాలేదు సరికదా, కన్ను నిప్పుకణికైంది.

కంటాసుపత్రికి వచ్చేసరికి అరుగు నిండా జనం.

"ఈ బారు తెమిలేది కాదురా. మళ్లీ సిట్టమ్మ కాడికే పోదారి," అంది.

తువ్వాలు సగం మొహం మీదికి జార్చుకుని గోడకి చేరబడ్డ పెద్దాయన అడ్డుపడ్డాడు.

"వద్దు సెల్లీ. గుచ్చుకున్న ఇనుము నాలిక్కి రాదు. లోపల కరెంటు అయస్కాంతం ఉంది. అదే లాగుతాది."

"నువ్వేటి, డాట్రువా?"

"తుక్కు యార్డులో క్రేను తోల్తాను. ఉత్త ఇనుప దిమ్మే, సుట్టూ రాగితీగుంటాది. కరెంటిత్తే లారీడు తుక్కు ఎత్తేత్తాది. ఆపితే సీల కూడా నిలవదు. ఇక్కడిదీ అదే జాతి, సన్నమొన."

పాపాయమ్మ తలెత్తి ఎండ ఎంతవరకు వచ్చిందో చూసింది. ఆ ఎండాకాలమంతా మధ్యాహ్నాలు కరెంటు కోత.

"కోతెట్టీసే ఏళైపోతంది గదా!"

"అప్పుడదీ ఉత్త ఇనుమే."

ఇంకేముంది, రేవులో వేలంపాటనే ఆపించే గొంతు లేచింది.

"మీయందరివీ కళ్లూ, నా కొడుకుది గాజుబిళ్లా? ఒక్కరైనా పక్కకి జరగరేటి?"

ఎవరూ జరగలేదు. పెద్దాయన లేచి కాంపౌండరు చెవిలో ఏదో అన్నాడు.

"ఎల్లారావు! లోపలికి రా!"

నా నోటికి దడిసి రాయబారం నడిపాడు ముసలోడు, అనుకుని మురిసిపోయింది పాపాయమ్మ.

డాక్టరమ్మ అయస్కాంతం మొనని కంటి దగ్గరికి తెచ్చి మీట నొక్కింది. టిక్కుమని రవ్వ ఎగిరొచ్చి మొనకి అతుక్కుంది.

"కనబడతన్నాదే అమ్మా!"

పాపాయమ్మ ఆ యంత్రానికే రెండు చేతులూ జోడించింది. అంతలో పైన ఫ్యాను ఆగిపోయింది.

బయటికొస్తే గోడ దగ్గర ఎవరూ లేరు.

"ఆ పెద్దాయనేడి బాబూ? నాలుగు కేకలేసినాను గానీ, మంచోడే. ఓ వంజరం తెచ్చి ఇద్దునని."

"సూరన్నా? కరెంటూ డాక్టరమ్మా మళ్లీ రేపే అని ఆయనకి ముందే చెప్పాను," అన్నాడు కాంపౌండరు. "మీరెళ్లిన వంతు ఆయనదమ్మా, 'నాను సానా సూసీసినాను, ఆడింకా సూడాల' అని మీకిచ్చేసి, తన కంట్లో ఇనుప ముక్కతో అలాగే వెళ్లిపోయాడు."