గీత పడని బండి

“జరుగు, ముట్టకు! ఎవరు నువ్వు?”

నిజామాబాద్ స్టేషన్ గూడ్స్ ప్లాట్‌ఫారం మీద వెంకటరాజం అరిచిన అరుపుకు హమాలీలంతా తలలు తిప్పారు.

రైల్లో వచ్చిన ఆయన కొత్త బుల్లెట్ మోటారుసైకిల్ మీద చెయ్యి వేసిన మనిషి వెనక్కి తగ్గాడు. యాభై ఏళ్లుంటాయి. ఖాకీ అంగీ, మెడలో తువ్వాల.

“ఎక్కిచ్చేటప్పుడు జర ఆసరా ఉంటదని పట్టిన సేట్. నన్ను శ్రీపతి సేటు...”

“గా పేరు నా ముందట ఎత్తకు!”

ఆ మనిషి ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

ఆర్మూర్‌లో వెంకటరాజానికీ శ్రీపతికీ పక్కపక్కనే రైతుల పసుపు కొని అమ్మించే అడ్తి దుకాణాలు. పోయినేడు శ్రీపతి ఫట్‌ఫటీ, అదే మోటారుసైకిల్, కొన్నాడు. అప్పటికి ఊళ్లో అదొక్కటే. పొద్దున్నే ఆలూరుకో మెండోరకో పోయి, కడాయిల్లో పసుపు ఇంకా ఉడుకుతుండగానే రైతులతో మాట్లాడుకొని వచ్చేవాడు. ఎడ్లబండ్లన్నీ తన దుకాణం దాటిపోయి అతని ముందే ఆగుతుంటే వెంకటరాజానికి తిన్నది ఒంటబట్టేది కాదు. అసూయే. ఇంకో పేరు పెట్టడం దండగ.

అందుకే శ్రీపతి బండి కంటే బరువైన బండి తెప్పించాడు. సోమవారం కొత్త పంటకు మొదటి బేరం. ఆ రోజు దాని మీద బజార్లోకి రావాలి. శ్రీపతి చూడాలి. చూసి కుళ్లుకోవాలి.

“నడుపుడు వస్తదా సేట్?” అన్నాడు లింగన్న. వెంకటరాజం పసుపు బస్తాలు మోసే బుడ్డలారీకి అతనే డ్రైవరు.

“రెండు దినాలల్ల నేర్చుకుంట. శ్రీపతిగాడు నేర్వలేదా?”

లింగన్న లారీని ప్లాట్‌ఫారానికి ఆనించాడు. బండిని లోపలికి నెట్టి, స్టాండు వేసి, నడుమ మీదుగా ఒక తాడు బిగించాడు.

“స్టాండు మీద వద్దన్నా” అన్నాడు ఖాకీ అంగీ మనిషి. “చక్రాల మీదనే నిలవెట్టి, హాండిల్‌కు రెండు దిక్కుల తాళ్లేసి ముందుకు గుంజి కట్టాలె.”

“ముప్పై బస్తాలు ఆపే తాడు ఒక్క బండిని ఆపదా?” అన్నాడు వెంకటరాజం.

లారీ అడుగునిండా నిన్నటి లోడులో రాలిన పసుపు కొమ్ములు. కాలు పెడితే జారుతున్నాయి.

“చీపురున్నదా? ఊడుస్త” అన్నాడు ఆ మనిషి.

“శుక్రవారం పూట పసుపు ఊడుస్తవా? లక్ష్మిని బయటికి నూకుతవా?” అన్నాడు వెంకటరాజం.

అతను మోకాళ్ల మీద కూచుని కొమ్ములు ఏరి తువ్వాలలో వేసుకోసాగాడు.

కళ్లల్లో నిప్పులు పోసుకున్నవాడికి ఏరడమూ దొంగతనంలాగే కనబడుతుంది.

“ఓహో! మూటగట్టుకపోయి శ్రీపతి దుకాణంల పోస్తవా? నా లక్ష్మి గూడ ఆనికే గావాల్నా? కుమ్మరియ్ అండ్లనే!”

అతను తువ్వాల విప్పి, ఏరినదంతా మళ్లీ అక్కడే పోశాడు.

“ఎనుక ఒక మనిషి ఉంటే మంచిదే సేట్” అని లింగన్న నసిగాడు.

వెంకటరాజం ఖాకీ అంగీ మనిషి దిక్కు తిరిగాడు.

“సరే, ఎక్కు. పోయి నీ సేటుకు చెప్పు, నా బండి ఎంత పెద్దగున్నదో!”

దారి పొడుగునా ఆయన వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. ఆ మనిషి రెండు చేతులతో హాండిల్ పట్టుకొని నిలబడి ఉన్నాడు.

“చూసినవా లింగన్నా, ఎట్ల పట్టుకున్నడో! నా బండి మీద వానికెంత కడుపుమంట!”

ఆర్మూర్ గుట్టలు కనబడే మలుపులో ఎడ్లబండి అడ్డమొచ్చింది. లింగన్న గట్టిగా బ్రేకు తొక్కాడు. స్టాండు కింద కొమ్ములు గోలీల్లా దొర్లాయి. వెనక దబ్బుమంది.

వెంకటరాజం దిగి వెనక్కి పరుగెత్తాడు.

బండి ఒరిగింది గానీ పడలేదు. బండికీ లారీ ఇనుప అంచుకూ మధ్య ఆ మనిషి కుడి చెయ్యి ఉంది.

లింగన్న, వెంకటరాజం కలిసి బండిని లేపారు. వెంకటరాజం టాంకీని అటూ ఇటూ తడిమి చూశాడు.

“గీత గూడ పడలె. బతికిన!” అన్నాడు.

చెయ్యి సంగతి అడగలేదు. ఊరు రాగానే ఆ మనిషి చేతికి తువ్వాల చుట్టుకొని దిగిపోయాడు.

ఆదివారం సాయంత్రం వెంకటరాజం దుకాణం ముందు బండికి పూలదండ వేసి ఎక్కి కూచున్నాడు. రెండు దినాలు నేర్చుకున్నా అది ఆయన మాట వినలేదు. హాండిల్ మీద పసుపు వేళ్ల అచ్చులు ఇంకా పోలేదు.

శ్రీపతి వచ్చాడు. రానీ, కళ్లారా చూడనీ అనుకున్నాడు వెంకటరాజం.

“మస్తుగున్నది బావా!” శ్రీపతి ముఖంలో సంతోషమే తప్ప ఇంకేం లేదు. “రేపు ఇద్దరం జోడుగ బజార్లకు పోదామనుకున్న. గదే ఖరాబయింది.”

“ఏం ఖరాబయింది?”

“నీ బండి శుక్రవారం వస్తదని తెలిసి స్టేషన్‌కు మనిషిని పంపిన గదా. ఆయన దవాఖానల ఉన్నడు. కుడి చెయ్యి ఇరిగింది. ఇగ మునుపటి తీరు పట్టుండదన్నరు.”

వెంకటరాజం హాండిల్ మీద నుంచి చేతులు తీశాడు. బండి దిగాడు.

“ఎవరాయన?” అన్నాడు.

“నాకు బండి నేర్పిన ఉస్తాద్ బావా, నీకు గూడ నేర్పమని పంపిన; చెయ్యి ఎట్ల ఇరిగిందంటే ‘నా కొత్త శిష్యుని బండికి గీత పడలె, గంతే చాలు’ అన్నడు.”