మాస్టు ముక్క

“ఇది విరగలేదమ్మా. కోశారు,” అన్నాడు మేస్త్రి.

పడవల షెడ్డులో దిమ్మెల మీద పరిచిన అల్యూమినియం మాస్టుపై అతని వేలు ఆగిన చోట, రంపపు పళ్ల గాట్లు స్పష్టంగా ఉన్నాయి.

అక్క వంగి చూసింది. చూస్తూండగానే ఆమె ముఖం కందగడ్డలా మారింది.

పడవల పోటీ రోజున గాలివానకు తమ్ముడి తెరచాప పడవ మాస్టు, ఆ చాపను నిలబెట్టే స్తంభం, కూలిందని ఆమెకు తెలుసు. రేవు లాంచీవాళ్లు తమ్ముణ్ణి ఆస్పత్రిలో చేర్చి వెళ్లారనీ తెలుసు. పడవ మాత్రం మర్నాటి దాకా దిక్కులేకుండా నీళ్ల మీదే తిరిగింది. కాబట్టి కోసినవాడు అప్పుడే కోసి ఉండాలి. తుక్కు కోసమే కోసి ఉండాలి.

ఈ తర్కంలో ఉన్న లోపమల్లా, లాంచీవాళ్లను ఆమె ఒక్క మాటైనా అడగకపోవడమే.

“అక్కడ నా తమ్ముడు నోట్లో గొట్టంతో పడి ఉంటే, ఇక్కడ వాడి పడవ మీద రంపం పెట్టాడా! వాడి చేతులు పడిపోను!”

“తుక్కు దొంగ మధ్యలో కొయ్యడమ్మా. మొదలంటా కోసి మొత్తం పట్టుకుపోతాడు...”

“నువ్వేమైనా వాడి తరఫు వకీలువా?”

మేస్త్రి మళ్లీ మాస్టు మీదికి వంగాడు. అనుమానం చెప్పి తిట్లు తినడం కన్నా పని చేసుకోవడమే సుఖమనిపించింది అతనికి.

“వాడు ఆస్పత్రి నుంచి వచ్చేసరికి ఇది నిలబడాలి. వెల్డింగ్ పెట్టి అతికించెయ్.”

“వెల్డింగ్ వేడికి అల్యూమినియం మెత్తబడిపోతుందమ్మా. మళ్లీ గాలొస్తే అక్కడే వంగుతుంది. రెండు ముక్కల లోపలా కలిపి ఒక తొడుగు దించి రివెట్లు కొట్టాలి.”

“కొట్టు మరి!”

“తొడుగుకి ఇదే గొట్టం కావాలి. ఈ రకం ఇప్పుడెక్కడా తయారవడం లేదు. సొట్టపడిన మేర తీసేసి, దాని పక్కనున్న మంచి ముక్కనే నిలువునా చీల్చి, నొక్కి లోపలికి దించుతాను. మాస్టు కాస్త పొట్టిదవుతుంది. ఇంకో తొడుగుకి సరిపడా ముక్క మిగులుతుంది కూడా.”

ఆ మిగిలే ముక్క కోసమే ఒక మనిషి గేటు దాటి వచ్చాడు. మాసిన చొక్కా. రెండు అరచేతులకూ కట్లు.

“మేస్త్రీ, మిగిలిన ముక్క నాకిస్తారా? నా పడవ మాస్టుదీ ఈ రకమే. తొడుగుకి కావాలి.”

అక్క చూపు ఆ కట్ల మీద పడింది.

“చేతులకేమైంది?”

“రంపం బ్లేడు కోసుకుందండీ. దానికి పిడి లేదు.”

“అయితే ఇది కోసింది నువ్వేనా?”

“నేనేనండీ. కోయక తప్పలేదు. మీ తమ్ముడి కాలు...”

చెంప ఛెళ్లుమంది.

“వాడి ఊసెత్తావంటే నాలుక చీరేస్తాను! కోసింది చాలక మిగతాదానికి కూడా వచ్చావా? పైగా పడవుందట, మాస్టుందట! నీ ముఖం ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నావా?”

అతను వెనక్కి తగ్గలేదు.

“పడవ ఉందండీ. దానికి నిలబడే మాస్టే లేదు. ఇవ్వనంటే ఇవ్వనని చెప్పండి. చెయ్యెందుకు ఎత్తుతారు?”

“ఇంకా నోరా! ఏయ్ వాచ్‌మన్, వీణ్ణి బయటికి గెంటు!”

వాచ్‌మన్ రెక్క పట్టుకుని గెంటాడు. గేటు బయట అతను కాసేపు నిలబడ్డాడు. అరిచి చెబుదామనుకున్నాడో ఏమో, గేటు వైపు ఒక అడుగు వేసి, అడ్డంగా నిలబడ్డ వాచ్‌మన్‌ను చూసి వెళ్లిపోయాడు.

అక్క కోపం అక్కడితో చల్లారలేదు.

“మేస్త్రీ, తొడుగు పోగా మిగిలినదాన్ని ముక్కలు చేసి పక్క కొలిమిలో వేయించు.”

“మంచి ముక్కమ్మా. మళ్లీ దొరకదు.”

“దొరక్కూడదనే!”

ముక్కలు కరిగి మూసలోకి జారేదాకా ఆమె కొలిమి దగ్గరే నిలబడి చూసింది.

ఆస్పత్రిలో నోట్లో గొట్టం తీశాక తమ్ముడు పడవ మాట ఎత్తబోయాడు. “ముందు నువ్వు లేచి నడువు. ఆ పాడు సంగతులన్నీ తర్వాత,” అని అతని నోరూ మూయించింది.

ఇంటికి తీసుకువెళ్లే రోజున దారిలోనే కారాపి, తమ్ముణ్ణి షెడ్డుకు నడిపించింది. చంకల్లో కర్రలతో నిలబడి అతను అతుకు మీద చెయ్యి వేశాడు. రివెట్లు తీరుగా కూర్చున్నాయి.

“భలే అతికించావు మేస్త్రీ! మిగిలిన ముక్క దాచే ఉంచావు కదా? ఒకాయనకి ఇస్తానని ఆ రోజు లాంచీ ఎక్కుతూ మాటిచ్చాను.”

మేస్త్రి అక్క వంక చూశాడు.

“ఎవరికి రా?” అంది అక్క.

“కోసినాయనకి.”

“ఆ తుక్కు దొంగకా! వాడొస్తే లెంపకాయ కొట్టి గెంటించాను. ముక్క కూడా కరిగించేశాను.”

తమ్ముడు కర్రల మీద ఆమె వైపు తిరిగాడు.

“కొట్టావా? నీకేమైనా మతి పోయిందా అక్కా! మాస్టు నా కాలి మీద పడింది. పడవ నిండా నీళ్లు. నా గడ్డం దాకా వచ్చేశాయి. కోసెయ్యమని ఏడ్చింది నేను! వట్టి బ్లేడు పట్టుకుని, చేతులు చీరుకుపోతున్నా కోశాడు. నన్ను లాంచీ ఎక్కించాకే వెళ్లాడు!”

అక్క మేస్త్రి దగ్గరికి వెళ్లింది.

“ఎక్కడుంటాడు?” అని అడిగింది.

“మీరు గెంటించిన మర్నాడే పడవని తుక్కు కింద ఇచ్చేసి, ఊరు విడిచిపోయాడమ్మా.”

“తుక్కు కిందా? పడవనా?”

“మాస్టు లేని పడవ ఇంకెందుకు?”

“పోటీలో అందరికంటే ముందున్న పడవ అది,” అన్నాడు తమ్ముడు. “నా కేక విని ఆయన నీళ్లలోకి దూకేస్తే, నడిపేవాడు లేక రాళ్లకు కొట్టుకుని మాస్టు విరగ్గొట్టుకుంది.”